ఆపే భాగం చెడితే: కణాల సంకేతాలు, క్యాన్సర్, మందులు

(భీమవరంలో డిగ్రీ విద్యార్థులు, ఊరి పెద్దలు కలిసి కూర్చున్న సభలో ఒక క్యాన్సర్ వైద్యురాలు చేసిన ప్రసంగానికి రాత ప్రతి. చివర సభికులు అడిగిన రెండు ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బోర్డు మీద కొన్ని బొమ్మలు గీస్తాను, అవి కనబడాలి.

క్యాన్సర్ గురించి మాట్లాడమంటే మామూలుగా పొగాకు మానండి, గడ్డ కనబడితే దాచుకోకండి అని చెప్తాం. అవి చెప్పాల్సిన మాటలే, ఎన్నిసార్లయినా చెప్పాల్సినవే. ఇవాళ మాత్రం మిమ్మల్ని కణం లోపలికి తీసుకెళ్లాలని వచ్చాను. క్యాన్సర్ కణం అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతుందని అందరికీ తెలుసు. ఎందుకలా? పెరగమని చెప్పే ఏర్పాటు మనందరి కణాల్లోనూ ఉంది. అది లేకపోతే తెగిన వేలు మానదు, రాలిన జుట్టు మళ్లీ రాదు. చాలా క్యాన్సర్లలో చెడేది ఆ ఏర్పాటును ఆపే భాగం. ఏ ప్రోటీన్‌లో ఆపే భాగం చెడిందో పట్టుకుంటే దానికి సరిపోయే మందు వెతకొచ్చు. పట్టుకోకుండా మందు మొదలుపెడితే డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ రెండు ముక్కల చుట్టూనే తిరుగుతుంది.

మన ఒంట్లో ఆరోగ్యంగా ఉన్న కణం తనంతట తాను రెండుగా విడిపోదు. బయటి నుంచి దానికి కబురు అందాలి. ఆ కబురు మోసే వాటిలో ఈజీఎఫ్ అనే చిన్న ప్రోటీన్ ఒకటి. అమెరికాలో స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్త ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించి చూశాడు. వాటి కళ్లు తెరుచుకోవాల్సిన రోజు కన్నా ముందే తెరుచుకున్నాయి. పళ్లు కూడా ముందే వచ్చాయి. ఈ రసంలో ఏదో ఒకటి చర్మ కణాలను పెరగమని తొందరపెడుతోందని ఆయన గ్రహించాడు, ఏళ్ల తరబడి పనిచేసి దాన్ని విడదీశాడు. 1986లో రీటా లెవీ మాంటాల్చినీతో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు.

ఇప్పుడు ఈ బొమ్మ చూడండి. ఇది కణం పైపొర. ఇందులోంచి సగం బయటికి, సగం లోపలికి ఉన్న ప్రోటీన్ ఈజీఎఫ్ఆర్, అంటే ఈజీఎఫ్ కబురు అందుకునే గ్రాహకం. బయటి సగానికి ఈజీఎఫ్ వచ్చి తగులుతుంది. అప్పుడు పక్కపక్కనున్న రెండు ఈజీఎఫ్ఆర్‌లు జతపడతాయి. జతపడగానే ఒకదాని లోపలి తోకకు మరొకటి ఫాస్ఫేట్ అనే భాస్వరం ముక్కను అంటిస్తుంది. ఇలా ఫాస్ఫేట్ అంటించే ప్రోటీన్లనే కైనేజ్‌లు అంటారు. మనిషి కణాల్లో ఇవి 500కు పైగా ఉన్నాయి. ఫాస్ఫేట్ అంటుకున్న తోక దగ్గరకు ఇంకో ప్రోటీన్ వస్తుంది, అది రాస్ అనే ప్రోటీన్‌ను లేపుతుంది. రాస్ వెళ్లి రాఫ్‌ను, రాఫ్ వెళ్లి మెక్‌ను, మెక్ వెళ్లి ఎర్క్‌ను లేపుతాయి. ఎర్క్ కేంద్రకంలోకి పోయి, విడిపోవడానికి కావలసిన జన్యువులను పనిలో పెట్టిస్తుంది.

ఈ పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మీరు డెల్టా మనుషులు, మీకు కాలువ సంగతి చెప్పనక్కర్లేదు. పెద్ద కాలువ నుంచి చిన్న కాలువకు, అక్కడి నుంచి బోదెకు, బోదె నుంచి చేలోకి నీళ్లు ఎలా దిగుతాయో కబురు కూడా అలాగే మెట్టుమెట్టుగా దిగుతుంది. ప్రతి మలుపులోనూ ఒక తూము ఉంటుంది. పని కాగానే దాన్ని మూసేసే ఏర్పాటూ ఉంటుంది. అంటించిన ఫాస్ఫేట్‌ను పీకేసే ఎంజైమ్‌లు వేరే ఉన్నాయి. రాస్ అయితే తనను తానే ఆపుకుంటుంది, లేచిన కాసేపటికి మళ్లీ పడుకుంటుంది. తూము తెరుచుకోవడం వల్ల చేను మునగదు. తెరుచుకున్న తూము మూసుకోకపోతేనే మునుగుతుంది.

ఇక్కడ ఒక్క మాట మీ ఊరి గురించి. కైనేజ్ అంటించే ఆ ఫాస్ఫేట్, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. ఏటీపీని కనుగొన్న వాళ్లలో ఒకాయన 1895లో ఈ భీమవరంలోనే పుట్టారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చేరి, ద్రావణంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో ఇచ్చారు. మెడికల్ ల్యాబ్ చదివే పిల్లలు ఇప్పటికీ దాన్ని ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే నేర్చుకుంటారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరంలో ఉన్న భాస్వరం ఏయే రూపాల్లో ఉందో వెతకగలిగారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నాడు. ఆ తర్వాత లెడర్లే కంపెనీలో సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశాడు. 16 మంది పిల్లల్లో పది మందికి కొంతకాలం పాటు జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ప్రచురించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. దానికి తోబుట్టువులాంటి మెథోట్రెక్సేట్‌ను మా వార్డులో పిల్లలకు ఇప్పటికీ ఇస్తున్నాం. ఆయన పేరు చెప్పి చప్పట్లు కొట్టి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. నేను కాసేపట్లో చెప్పబోయే మందు సరిగ్గా ఏటీపీ కూర్చునే చోటులోనే పోయి కూర్చుంటుంది. అందుకే ఆయన పని ఇక్కడ చెప్పాల్సి వచ్చింది.

ఆపే భాగం చెడటం అనే సంగతి ఎలా తెలిసిందో చూద్దాం. న్యూయార్క్‌లో పేటన్ రౌస్ దగ్గరకు రొమ్ము మీద గడ్డ ఉన్న ఒక కోడిని తెచ్చారు. ఆ గడ్డను నూరి, కణాలేవీ మిగలకుండా వడగట్టి, ఆ నీళ్లను వేరే కోళ్లకు ఎక్కిస్తే వాటికీ గడ్డలు వచ్చాయి. ఇది 1911 నాటి మాట. అందులో ఉన్నది వైరస్. ఆయన మాటను చాలామంది పట్టించుకోలేదు. నోబెల్ ఇచ్చేసరికి 1966 వచ్చింది, ఆయనకు 87 ఏళ్లు. ఆ వైరస్‌లో క్యాన్సర్ తెప్పించే జన్యువు ఒక్కటే, పేరు సార్క్. 1976లో బిషప్, వార్మస్ బృందం ఈ జన్యువు వైరస్ సొంతం కాదని చూపించింది. ఆరోగ్యంగా ఉన్న కోడిలోనే అది ఉంది. వైరస్ దాన్ని ఎప్పుడో ఎత్తుకుపోయింది. మనిషిలోనూ ఉంది. అంటే క్యాన్సర్ జన్యువు ఎక్కడి నుంచో ఊడిపడలేదు, మన ఇంటిదే.

సార్క్ కూడా కైనేజే. అయితే అది ఫాస్ఫేట్‌ను దేనికి అంటిస్తుంది? ప్రోటీన్లలో ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు, వాటిలో అప్పటిదాకా తెలిసినవి సెరీన్, త్రియోనిన్ అనే రెండే. 1979లో సాల్క్ సంస్థలో టోనీ హంటర్ వీటిని విడదీసే ప్రయోగం చేస్తున్నాడు. కాగితంలాంటి పల్చటి పలక మీద కరెంటు పెట్టి, ఆమ్ల ద్రావణంలో వాటిని వేర్వేరు దూరాలకు జరపడం ఆ పద్ధతి. ఆ రోజు తాజా ద్రావణం కలపలేదు, పాతదే వాడాడు. పాతబడటంతో దాని పీహెచ్ 1.9 ఉండాల్సింది 1.7కి దిగింది. ఆ చిన్న తేడా వల్ల, మామూలుగా త్రియోనిన్ మచ్చలో కలిసిపోయి కనబడే మూడోది విడిగా పక్కకు జరిగింది. అది టైరోసిన్. కణంలో ఫాస్ఫేట్ పట్టిన టైరోసిన్ ఉండేదే చాలా తక్కువ, కాబట్టి మచ్చ కలిసిపోతే ఎవరికీ అనుమానం రాదు. ఆ మచ్చను చూసి, ఏదో పొరపాటులే అని పారేయకుండా వెంటపడ్డాడు చూడండి, విద్యార్థులు గమనించాల్సింది అదే. ఇవాళ మనం వాడే క్యాన్సర్ టాబ్లెట్లలో చాలా వాటికి పునాది ఆ మచ్చే.

వైరస్ ఎత్తుకుపోయిన సార్క్‌కూ, కోడిలో ఉన్న సార్క్‌కూ తేడా ఏమిటని చూస్తే, వైరస్ దానికి చివరి కొస తెగిపోయి ఉంది. ఆ కొసలో ఒక టైరోసిన్ ఉంటుంది. దానికి ఫాస్ఫేట్ అంటుకున్నప్పుడు ఆ కొస వెనక్కి ముడుచుకుని సార్క్‌ను కదలకుండా పట్టేస్తుంది. కొస తెగింది, ఆపేది పోయింది. ఫాస్ఫేట్ అంటించే భాగం మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక అసలు కథకు వస్తాను. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను. ఈ జబ్బు తెలిస్తే మిగతావి వాటంతట అవే అర్థమవుతాయి.

సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ ఉంది. మన దేశంలో ఇది ఎక్కువగా 35, 40 ఏళ్ల వాళ్లలో చూస్తాం, పడమటి దేశాల్లో అరవై దాటాక. ఎడమ డొక్కలో బరువుగా ఉంది, నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతోంది అని వస్తారు. చేత్తో చూస్తే ప్లీహం పెరిగి ఉంటుంది. తెల్ల కణాలు 4 వేల నుంచి 11 వేల మధ్య ఉండాల్సినవి లక్ష, రెండు లక్షలు ఉంటాయి. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఈ రోగుల కణాల్లో ఒక క్రోమోజోమ్ కురచగా ఉందని చూశారు. 1973లో జానెట్ రౌలీ ఆ లెక్క తేల్చింది. 9వ క్రోమోజోమ్ కొస విరిగి 22వ దానికి, 22వ దాని కొస విరిగి 9వ దానికి అతుక్కున్నాయి. ఒకదాని ముక్క ఇంకోదానికి మారింది.

అలా అతుక్కున్న చోట రెండు జన్యువులు కలిసి ఒక్కటయ్యాయి. బీసీఆర్ మొదటి భాగం, ఏబీఎల్ చివరి భాగం. ఏబీఎల్ కైనేజ్. మామూలు ఏబీఎల్ మొదట్లో ఒక కొవ్వు తోక ఉంటుంది. అది మడతపడి, ఏబీఎల్ ఒంట్లోనే ఉన్న ఒక గుంటలో దూరి, దాన్ని కదలనివ్వకుండా ఉంచుతుంది. అతుకు పడ్డప్పుడు ఆ తోక ఉన్న భాగం ఊడిపోయి, దాని స్థానంలో బీసీఆర్ వచ్చి చేరింది. మళ్లీ చూడండి, సార్క్‌లో చివర తెగింది, ఇక్కడ మొదలు తెగింది. రెండు చోట్లా పోయింది ఆపే ముక్కే. పైగా బీసీఆర్‌కు ఒకదాన్నొకటి పట్టుకునే గుణం ఉంది కాబట్టి ఈ ప్రోటీన్లు గుంపుగా చేరి, ఎవరూ పిలవకుండానే ఒకదానికొకటి ఫాస్ఫేట్ అంటించుకుంటాయి. కబురు రాకపోయినా కబురు వచ్చినట్టే రాత్రీ పగలూ నడుస్తుంది.

మరి దీన్ని ఆపాలంటే? స్విట్జర్లాండ్‌లో సీబా-గైగీ కంపెనీలో నికొలస్ లిడన్, యుర్గ్ జిమ్మర్‌మన్ వాళ్లు ఏటీపీ కూర్చునే గుంటలో దూరే చిన్న అణువుల కోసం వెతికారు. చాలామంది వద్దన్నారు. కారణం సరైనదే. 500 కైనేజ్‌లకూ ఆ గుంట ఉంది, అన్నిటికీ దాదాపు ఒకటే ఆకారం, ఒకటి మూస్తే అన్నీ మూతపడి మనిషి చచ్చిపోతాడని. వాళ్లకు దొరికిన అణువు ఏబీఎల్ పడుకుని ఉన్నప్పటి ఆకారాన్ని మాత్రమే ఎక్కువగా పట్టుకుంటుంది. లేచి ఉన్నప్పుడు కైనేజ్‌లన్నీ ఒకేలా ఉంటాయి, పడుకున్నప్పుడు ఒక్కొక్కటి ఒక్కోలా ఉంటుంది. అందుకని ఈ మందు వెతికి వెతికి దాన్నే పట్టుకుంది. ఆ అణువు ఇమాటినిబ్. ఆరెగాన్‌లో బ్రయన్ డ్రూకర్ దాన్ని సీఎంఎల్ కణాల మీద చూసి, మనుషులకు ఇవ్వాలని పట్టుబట్టాడు. 1998 జూన్‌లో మొదటి రోగికి ఇచ్చారు. రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్త కణాల సంఖ్య పూర్తిగా మామూలుకు వచ్చింది. వీళ్లందరూ అంతకుముందు ఇంటర్‌ఫెరాన్ అనే అప్పటి మందు పనిచేయని వాళ్లు. 2001 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ మందు రాకముందు సీఎంఎల్ అంటే చాలామందికి ఐదారేళ్లే. మొదటి నుంచీ ఇమాటినిబ్ ఇచ్చిన పెద్ద అధ్యయనంలో పదేళ్ల తర్వాత 83 శాతం మంది బతికి ఉన్నారు. 400 మిల్లీగ్రాముల టాబ్లెట్, రోజుకు ఒకటి, అన్నం తిన్నాక, నిండు గ్లాసుడు నీళ్లతో. అంతే వైద్యం.

వేసుకోవడం మానితే మాత్రం అంతా మొదటికొస్తుంది. లండన్‌లో 87 మంది రోగుల మందు సీసాల మూతల్లో, మూత తీసిన ప్రతిసారీ నమోదయ్యే చిప్ పెట్టి చూశారు. పదింట తొమ్మిది మోతాదులకు పైగా వేసుకున్న వాళ్లలో, ఆరేళ్లకు జబ్బు కోరుకున్న స్థాయికి తగ్గే అవకాశం 94 శాతం. అంతకన్నా తక్కువ వేసుకున్న వాళ్లలో 28 శాతం. లెక్క వేసుకోండి, నెలకు మూడు టాబ్లెట్లు. పండక్కి వెళ్లాను, మర్చిపోయాను, బాగానే ఉంది కదా అని ఆపాను అని చెప్పే వాళ్లకు నేను ఈ అంకెలే కాగితం మీద రాసిస్తాను. ఇంకో సంగతి, క్షయకు వాడే రిఫాంపిసిన్ ఇమాటినిబ్‌ను ఒంట్లో త్వరగా విరిచేస్తుంది. ఎవరైనా టీబీ మందులు మొదలుపెడితే క్యాన్సర్ డాక్టరుకు ఆ రోజే చెప్పాలి.

కొందరిలో మందు సరిగ్గా వేసుకున్నా జబ్బు తిరగబడుతుంది. ఆ గుంటలో 315వ స్థానంలో త్రియోనిన్ ఉంటుంది, ఇమాటినిబ్ దాన్ని ఆనుకుని కూర్చుంటుంది. అక్కడ త్రియోనిన్ బదులు ఐసోల్యూసిన్ వస్తే, ఆనుకునేందుకు ఆధారం పోతుంది, పైగా అది లావుగా ఉండి అడ్డం పడుతుంది. దీన్ని టీ315ఐ అంటాం. ఇమాటినిబ్ తర్వాత వచ్చిన డాసాటినిబ్, నిలోటినిబ్ కూడా దీని ముందు పనిచేయవు. పొనాటినిబ్ పనిచేస్తుంది, గుండెకూ రక్తనాళాలకూ ఇబ్బంది తెస్తుంది కాబట్టి జాగ్రత్తగా ఇవ్వాలి. 2021లో అసిమినిబ్ అని ఒకటి వచ్చింది. ఇది ఏటీపీ గుంట జోలికి పోదు. ఇందాక చెప్పానే, కొవ్వు తోక దూరే గుంట, ఆ ఖాళీ గుంటలో పోయి కూర్చుంటుంది. ఊడిపోయిన ఆపే ముక్క చేసే పనిని అది చేస్తుంది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మందు ఇదే. జబ్బు ఎక్కడ పుట్టిందో సరిగ్గా అక్కడే చేయి పెట్టింది.

ధర సంగతి దాటవేస్తే అన్యాయం అవుతుంది. ఇమాటినిబ్ వచ్చిన కొత్తల్లో గ్లివెక్ పేరుతో నెలకు లక్షా ఇరవై వేల దాకా ఉండేది. కంపెనీ కొందరికి ఉచితంగా ఇచ్చే పథకం నడిపిన మాట నిజమే. మన హైదరాబాద్ నాట్కో కంపెనీ వీనాట్ పేరుతో అదే మందును తెచ్చింది. జెనెరిక్ ధర నెలకు ఎనిమిది, పది వేల దగ్గరకు దిగింది. గ్లివెక్ కంపెనీ నొవార్టిస్ ఆ మందు స్ఫటిక రూపానికి పేటెంటు అడిగింది, 2006లో చెన్నై పేటెంటు ఆఫీసు కాదంది, సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న ఆ మాటే ఖాయం చేసింది. తెలిసిన మందుకు రూపం మార్చినంత మాత్రాన, గుణం పెరిగిందని చూపకుండా పేటెంటు కుదరదని చట్టంలోని 3(డి) సెక్షన్ చెప్తుంది. అంతకు ఏడాది ముందు, కాలేయం, కిడ్నీ క్యాన్సర్లకు వాడే సోరాఫెనిబ్ తయారు చేసుకోవడానికి నాట్కోకు దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటు ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా ఇచ్చే లైసెన్సు, ఇచ్చారు. నెలకు రెండు లక్షల ఎనభై వేల మందు 8,800కు వచ్చింది. అదీ కైనేజ్ మందే. కణంలో ఏ ప్రోటీన్ చెడిందో కనిపెట్టడం సగం పని. ఆ మందు పాలకొల్లులో కూలికెళ్లే మనిషి నోట్లో పడటం మిగతా సగం.

రొమ్ము క్యాన్సర్‌కు వస్తే, ఇక్కడ నా మాటకు ఒక మినహాయింపు ఉంది. హెర్2 అనే గ్రాహకం ఈజీఎఫ్ఆర్ కుటుంబంలోదే. దీన్ని లేపడానికి విడిగా ఏ కబురూ అక్కర్లేదు, పక్కవాటితో జతపడితే చాలు. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో ఈ జన్యువు చెడదు, దాని నకళ్లు పెరిగిపోతాయి. ఒక్కో కణం మీద లక్షల కొద్దీ హెర్2 గుమిగూడతాయి. డెన్నిస్ స్లేమన్ 1987లో, ఈ నకళ్లు ఎక్కువున్న ఆడవాళ్లలో జబ్బు త్వరగా తిరగబెడుతోందని చూపించాడు. దాని మీద పోయి అంటుకునే యాంటీబాడీ ట్రాస్టుజుమాబ్ 1998లో వచ్చింది. రొమ్ము క్యాన్సర్లలో 15 నుంచి 20 శాతం ఈ రకం.

మీ ఇంట్లో ఎవరికైనా బయాప్సీ రిపోర్టు వస్తే ఇది చూడండి. ఐహెచ్‌సీ అని ఉండి, హెర్2 ఎదురుగా 0, 1+, 2+, 3+ లలో ఒకటి రాస్తారు. 3+ అంటే హెర్2 పాజిటివ్. 0, 1+ అంటే నెగటివ్. 2+ అంటే తేలలేదు, ఫిష్ అనే ఇంకో టెస్టు చేయించాలి. 2+ చూసి ఫిష్ చేయించకుండా ఆగిపోయిన కాగితాలు నా ముందుకు వస్తూనే ఉంటాయి, ఆ కాగితం వెనక ఒక మనిషికి మందు దొరక్కుండా పోయి ఉండొచ్చు. ఇంకోటి, తీసిన ముక్కను ఫార్మలిన్‌లో కనీసం 6 గంటలు, 72 గంటలకు మించకుండా ఉంచాలి. ఆదివారం, సోమవారం సెలవని ముక్క సీసాలోనే వారం ఉండిపోతే టెస్టు నమ్మదగ్గది కాదు. ముక్క తీసిన టైము సీసా మీద రాశారా అని అడగడం మీ హక్కు.

ట్రాస్టుజుమాబ్ తీసుకునే వాళ్లకు మూడు నెలలకోసారి గుండె ఎకో ఎందుకు తీస్తామో తెలుసా? హెర్2 గుండె కండరంలోనూ ఉంది, అక్కడ అది మంచి పని చేస్తోంది. కబురును ఆపే ఏ మందయినా అదే కబురు మీద ఆధారపడ్డ మంచి కణాలను కూడా తాకుతుంది. ఈజీఎఫ్ఆర్ మందులు వేసుకునే వాళ్లకు మొహం మీద మొటిమల్లా పొక్కులు రావడం, విరేచనాలు కావడం కూడా అందుకే. చర్మానికి, పేగు పొరకు ఈజీఎఫ్ కబురు రోజూ కావాలి.

ఈజీఎఫ్ఆర్ అన్నాను కాబట్టి ఊపిరితిత్తుల క్యాన్సర్. గెఫిటినిబ్ అనే టాబ్లెట్ వచ్చిన కొత్తల్లో ఎవరికి పనిచేస్తుందో, ఎవరికి చేయదో తెలిసేది కాదు. 2004లో బోస్టన్‌లో రెండు బృందాలు తేల్చాయి, ఈజీఎఫ్ఆర్ జన్యువులో కొన్ని మార్పులున్న వాళ్లకే పనిచేస్తోందని. ఆ మార్పుల వల్ల ఈజీఎఫ్ఆర్ పడుకుని ఉండలేదు, ఎప్పుడూ లేచే ఉంటుంది. పొగతాగని ఆడవాళ్లలో, ఆసియా వాళ్లలో ఇవి ఎక్కువ. తర్వాత ఆసియాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి. మార్పు ఉన్నవాళ్లలో గెఫిటినిబ్‌కు 71 శాతం మందిలో గడ్డ తగ్గింది. మార్పు లేని వాళ్లలో నూటికి ఒక్కరిలో. ఒకే మందు, ఒకే జబ్బు పేరు. మార్పు లేని వాళ్లకు మామూలు కీమోయే మేలు చేసింది. టెస్టు చేయించకుండా టాబ్లెట్ రాయడం ఎందుకు తప్పో చెప్పడానికి ఇంతకన్నా నాకేమీ అక్కర్లేదు. మన దగ్గర దగ్గు, ఆయాసం అంటే ముందు టీబీ అనుకుంటారు. నెలల తరబడి టీబీ మందులు వాడి, తగ్గక, అప్పుడు బయాప్సీకి వచ్చేవాళ్లున్నారు. కళ్లెలో క్రిమి కనబడకపోయినా టీబీ కోర్సు పూర్తిచేయమంటే, స్కాన్ సంగతి ఏమిటని అడగండి.

రాస్ గురించి త్వరగా చెప్తాను. 12వ స్థానంలో గ్లైసిన్ అనే అతి చిన్న అమైనో ఆమ్లం ఉంటుంది. అక్కడ దాదాపు ఇంకేది వచ్చినా రాస్ తనను తాను ఆపుకోలేదు. ఇది 1982లోనే తెలిసింది. పాంక్రియాస్ క్యాన్సర్లలో పదింట తొమ్మిదింటిలో రాస్‌లో ఒక రకమైన కేరాస్ చెడి ఉంటుంది. అయినా మందు రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది, మందు దూరేందుకు దాని ఒంటి మీద గుంటే దొరకలేదు. 2013లో కెవన్ షోకాట్ బృందం, 12వ స్థానంలో సిస్టీన్ వచ్చిన రకంలో ఒక గుంటను చూపించింది. అందులో దూరే సోటోరాసిబ్ 2021లో వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌లో కేరాస్ చెడి ఉంటే, కేరాస్‌ను ఆపే మందు తోడు లేకుండా సెటుక్సిమాబ్ ఇవ్వకూడదు. అది పైన ఈజీఎఫ్ఆర్‌ను మూస్తుంది, కింద రాస్ తెరుచుకునే ఉంటుంది, నీళ్లు ఆగవు.

చివరగా రాఫ్. చర్మం మీద నల్ల మచ్చగా మొదలయ్యే మెలనోమాలో సగం దాకా బీరాఫ్ అనే ప్రోటీన్‌లో 600వ స్థానంలో మార్పు ఉంటుంది. 2011లో వచ్చిన, బీరాఫ్‌ను ఆపే వెమురాఫెనిబ్ వాళ్లలో సగానికి దగ్గరగా పనిచేసింది. అదే మార్పు పెద్దపేగు క్యాన్సర్‌లో కొందరికి ఉంటుంది కదా, అదే మందు ఇస్తే? నూటికి ఐదుగురిలో మాత్రమే గడ్డ తగ్గింది. ఎందుకని వెతికితే 2012లో తేలింది. బీరాఫ్ నడుస్తున్నంత సేపూ, ఇక చాలు అని పైనున్న ఈజీఎఫ్ఆర్‌కు వెనక్కి ఒక కబురు వెళ్తూ ఉంటుంది. మందుతో బీరాఫ్‌ను ఆపగానే ఆ వెనక కబురు కూడా ఆగిపోతుంది. అప్పుడు ఈజీఎఫ్ఆర్ లేచి, వేరే దారిలో కిందికి పంపడం మొదలుపెడుతుంది. మెలనోమా కణంలో ఈజీఎఫ్ఆర్ అంతగా ఉండదు, పేగు కణంలో నిండా ఉంటుంది. కాబట్టి పేగులో రెండిటినీ కలిపి మూయాలి. బీరాఫ్‌ను మూసే ఎంకోరాఫెనిబ్, ఈజీఎఫ్ఆర్‌ను మూసే సెటుక్సిమాబ్ కలిపి ఇవ్వడానికి 2020లో అనుమతి వచ్చింది. ఫలానా మార్పుకు ఫలానా మందు అని పట్టిక చూసి రాసేస్తే సరిపోదు, అది ఏ అవయవంలో ఉందో కూడా చూడాలి. వేల రూపాయలు పోసి జన్యు పరీక్ష చేయించుకుని, రిపోర్టులో వచ్చిన మందుల పేర్లతో నేరుగా మెడికల్ షాపుకు వెళ్లకండి. క్యాన్సర్ డాక్టరుతో కూర్చుని చదివించుకోండి.

నా మాటలు ఇక్కడితో ఆపుతాను. అడగాల్సినవి అడగండి.

(మొదటి ప్రశ్న: బీఎస్సీ విద్యార్థి. ఆపే ప్రోటీన్లు చెడటమే కారణమైతే, వాటినే బాగుచేసే మందు ఎందుకు చేయరు?)

మంచి ప్రశ్న బాబూ. నడుస్తున్న ప్రోటీన్‌ను ఆపడానికి దాని గుంటలో ఏదో ఒకటి దూర్చితే చాలు. పూర్తిగా పోయిన ప్రోటీన్‌ను తేవాలంటే కణంలోకి జన్యువునే చేర్చాలి, అదీ కోట్ల కణాల్లో ప్రతి ఒక్కదానికీ. ఒక్క శాతం మిగిలినా మళ్లీ పెరుగుతాయి. పీ53 అనే కాపలా ప్రోటీన్ సగం క్యాన్సర్లలో చెడి ఉంటుంది, దానికి మందు ఇవ్వలేకపోతున్నది ఇందుకే. అసిమినిబ్ ఎందుకు ఇష్టమన్నానంటే, ప్రోటీన్ ఉండి దాని ఆపే ముక్క మాత్రం పోయిన చోట, ఆ ముక్క పనిని మందుతో చేయించవచ్చని అది చూపించింది.

(రెండో ప్రశ్న: ఒక మహిళ. మా అక్కయ్యకు సీఎంఎల్, ఇమాటినిబ్ వేసుకుంటోంది. ఇది జీవితాంతం వేసుకోవాల్సిందేనా? పిల్లల కోసం చూస్తున్నారు.)

అమ్మా, ముందు ఒక్కటి గట్టిగా చెప్తాను. ఈ మందు మీద ఉండగా గర్భం రాకూడదు, బిడ్డకు ప్రమాదం. అలాగని తనంతట తాను మాత్రం ఆపకూడదు. ఆపడానికి ఒక పద్ధతుంది. బీసీఆర్-ఏబీఎల్ ఎంత మిగిలిందో రక్తంలో పీసీఆర్ టెస్టుతో శాతంలో చూస్తారు. 0.1 కన్నా తగ్గితే మంచిది. ఆపాలని ఆలోచించాలంటే 0.01 లోపు ఉండాలి, అదీ కనీసం రెండేళ్లు వరసగా, అంతకుముందు కొన్నేళ్లు మందు వాడి ఉండాలి. అలా ఆపిన వాళ్లలో దాదాపు సగం మందికి జబ్బు తిరిగి రాలేదు. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి మొదటి ఆరు నెలల్లోనే వచ్చింది, మళ్లీ టాబ్లెట్ మొదలుపెడితే దాదాపు అందరికీ తగ్గింది. అందుకని ఆపిన మొదటి ఆరు నెలలూ ప్రతి నెలా పీసీఆర్ చేయించాలి, అదీ ఒకే ల్యాబులో. మీ అక్కయ్య రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టి, పిల్లల సంగతి కూడా దాచకుండా ఆవిడ డాక్టరుకు చెప్పమనండి. మొదటి రిపోర్టు కూడా ఉండాలి, ఏ రకం అతుకో అందులోనే రాసి ఉంటుంది. అది దొరక్కపోతే మూలుగ పరీక్ష చేసిన ఆసుపత్రిలో అడిగితే ఇస్తారు.